మైనపు బొమ్మ పక్కన నానమ్మ

ఈమధ్య మన ఆడపిల్లలు చాలామంది ఇక్కడి స్కూళ్ళలో సబ్‌స్టిట్యూట్ టీచర్లుగా చేరుతున్నారు. ఎవరింట్లో బర్త్‌డే పార్టీకి వెళ్ళినా ఒకరిద్దరు ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంటారు. "ఆంటీ, మీరు అన్నేళ్ళు స్కూల్లో జాబ్ చేశారు కదా, కిడ్స్‌ని హ్యాండిల్ చెయ్యడం బాగా కష్టమా?" అని అడుగుతారు. పిల్లలతో ఏ కష్టమూ లేదమ్మా. పిల్లలు కొట్టుకుంటారు, ఏడుస్తారు, ముక్కు తుడుచుకుని మళ్ళీ కలిసిపోతారు. నా తల నెరిసింది పెద్దవాళ్ళ వల్ల. అందులోనూ మనవాళ్ళ వల్ల. నిజం చెప్పాలంటే అమెరికావాళ్ళ వల్ల కూడా. వాళ్ళొక చెయ్యి, వీళ్ళొక చెయ్యి పట్టుకుని నన్ను రెండు పక్కలకీ లాగిన సంగతి ఒకటి చెబుతాను. విన్నాక ఉద్యోగంలో చేరాలో మానాలో మీరే తేల్చుకోండి.

డాలస్ పక్కన, కాపెల్‌కి దగ్గర్లో ఒక ఎలిమెంటరీ స్కూల్లో నేను లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఆ చుట్టుపక్కల మనవాళ్ళ ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలియంది కాదు. మన పిల్లల విషయంలో ఏ పేచీ వచ్చినా ఆఫీసులోంచి మొదటి ఫోన్ నాకే వచ్చేది. లంచ్ బాక్సులో ఇంగువ వాసన వేసినా నేనే వెళ్ళాలి. గ్రహణం రోజున మా పిల్లను బయట ఆడించొద్దు అని ఏ తల్లో ఈమెయిల్ పెడితే దానికి జవాబూ నేనే చెప్పాలి. నన్ను ఉద్యోగంలోకి తీసుకున్నప్పుడు ఈ పనుల గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

మా స్కూల్లో ఏటా చలి తగ్గే రోజుల్లో నాలుగో తరగతి పిల్లలు ‘వ్యాక్స్ మ్యూజియం’ పెట్టేవారు. ఒక్కొక్కళ్ళు ఒక గొప్ప మనిషిని ఎంచుకుని, ఆ మనిషి జీవితచరిత్ర చదివి, ఆ వేషం వేసుకుని, స్కూలు ఆటల హాలు, అదే జిమ్‌లో మైనపు బొమ్మలా కదలకుండా నిలబడాలి. చేతి మీద గుండ్రటి ఎర్ర కాగితం అంటిస్తారు. అదే బటన్. చూడటానికి వచ్చినవాళ్ళు దాన్ని నొక్కగానే బొమ్మకు ప్రాణం వచ్చి, ‘నేను ఫలానా, నేను ఫలానా ఘనకార్యం చేశాను’ అని ఒక నిమిషం మాట్లాడాలి. అయిపోగానే మళ్ళీ బిగుసుకుపోవాలి. మాట్లాడేదంతా ఆ మనిషే తానైనట్టు మాట్లాడాలి. అక్కడే మా కొంప మునిగింది.

పిల్లలకు పుస్తకాలు వెతికిపెట్టడం నా వంతు. మన తల్లిదండ్రుల తాకిడి అప్పుడు చూడాలి. "మావాడికి కంప్యూటర్ కంపెనీ పెట్టినాయన్ని ఇవ్వండి", "మా అమ్మాయికి ఆస్ట్రోనాట్‌ని బుక్ చెయ్యండి" అని ముందే ఫోన్లు. పెళ్ళిళ్ళ పేరయ్యని సంబంధాలు అడిగినట్టు అడిగేవారు. అలా ఎవరికీ అక్కర్లేని ఒక సన్నపాటి పుస్తకం నా అరలో ఎప్పట్నుంచో పడి ఉంది. ఒక తొలితరం బెంగాలీ రచయిత్రి కథ అది. పిల్లలకోసం బొమ్మలతో రాసింది. నేనే పట్టుబట్టి తెప్పించాను. ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే మా స్కూలు బెంగాలీ తల్లిదండ్రులు ఫోన్ చేసి, నువ్వు రాసిన దాంట్లో ఇది తప్పు, అది తప్పు అని మళ్ళీ మొదలుపెడతారు. రిటైరయ్యాక నాకు ఆ ఓపిక లేదు.

ఆవిడ కథ మాత్రం చెప్పాలి. ఆడపిల్ల అక్షరం నేర్చుకుంటే మొగుడికి ఆయుక్షీణం అని నమ్మే రోజులవి. చిన్నతనంలోనే పెద్దింటి కోడలై వెళ్ళిన ఆ పిల్ల, వంటింట్లో ఎవరూ చూడకుండా అక్షరాలు దిద్దుకుంది. నిజంగానే కొన్నాళ్ళకి మొగుడు పోయాడు. చూశారా, చదివినందుకే అన్నారు ఇంటిల్లిపాదీ. ఆవిడ చదువు మానలేదు సరికదా, రాయడం మొదలుపెట్టింది. పత్రికలకు వ్యాసాలు పంపింది. తర్వాత తన ఇంటి ముందుగదిలో ఆడపిల్లలకు బడి పెట్టి, తెర కట్టిన బండిలో ఇంటింటికీ తిరిగి, మీ పిల్లను పంపండమ్మా అని బతిమాలుకుంది. కొందరు తలుపులు వేసుకున్నారు. కొందరు పంపించారు.

ఆ పుస్తకాన్ని ఒక తెలుగు పిల్ల తీసుకుంది. లైబ్రరీలో నేలమీద బోర్లా పడుకుని చదివే రకం. రెండు రోజుల్లో చదివేసి నా బల్ల దగ్గరికి వచ్చి, "షీ ఈజ్ లైక్ మై నానమ్మ" అంది. ఆ నానమ్మగారు ఒంగోలు దగ్గర్నుంచి వచ్చి ఆర్నెల్లుగా వీళ్ళింట్లో ఉంటున్నారు. భర్త లేరు. అంతవరకే నాకు తెలుసు.

పిల్ల తన ఉపన్యాసం తనే ఇంగ్లీషులో రాసుకుని తెచ్చింది. "నాకు పదకొండేళ్ళప్పుడు నా భర్త చనిపోయాడు" అని మొదలవుతుంది. ఆ తర్వాత ఇలా ఉంది: "పెళ్ళిళ్ళలో నన్నెవరూ వెనక్కి వెళ్ళమనలేదు. వాళ్ళు అనకముందే నేనే వెళ్ళిపోయేదాన్ని." ఆ పుస్తకాన్ని నేను ఎన్నిసార్లు చదివానో. అందులో ఆ మాట లేదు. ఎక్కడిదే ఇది అని అడిగాను.

"నాట్ ఫ్రమ్ ద బుక్," అంది. "అక్క హాఫ్ శారీ ఫంక్షన్‌లో అందరూ హారతి ఇస్తుంటే నానమ్మ కిచెన్‌లోకి వెళ్ళిపోయింది. ఎవ్వరూ గో అనలేదు. ఐ వాజ్ వాచింగ్. ఎందుకు వెళ్ళింది అని అమ్మని అడిగా, నాన్నని అడిగా. నోబడీ టోల్డ్ మీ." తర్వాత కాగితం మడతపెట్టుకుంటూ, "నానమ్మ షుడ్ కమ్ అండ్ లిజన్, ఓకే?" అంది. నాకు ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది. స్కూల్లో అలాంటివి చెయ్యకూడదు కాబట్టి ఆ కాగితం మీద ఒక నక్షత్రం స్టిక్కర్ అంటించి పంపించాను.

మూడోరోజు తల్లి ఫోన్ చేసింది. మంచి కంపెనీలో పెద్ద ఉద్యోగం చేస్తున్న అమ్మాయి, మాట మెత్తన.

"ఆంటీ, ప్లీజ్ డోంట్ మైండ్. మీరున్నారని మేం ధైర్యంగా ఉంటే మీరే ఇలా చేస్తే ఎలా? పాప మిర్రర్ ముందు నిలబడి ‘మై హస్బెండ్ డైడ్, మై హస్బెండ్ డైడ్’ అని ప్రాక్టీస్ చేస్తోంది. అత్తయ్యగారికి ఇంగ్లీష్ పెద్దగా రాదు కానీ ఆ ముక్క అర్థమైపోయింది. అప్పట్నుంచి పూజగది వదిలి రావట్లేదు. భోజనం కూడా సరిగా చెయ్యట్లేదు."

"ఏమంటారు ఆవిడ?"

"ఆడపిల్ల నోటితో అలాంటి మాట అనకూడదు, తథాస్తు దేవతలు తిరుగుతుంటారు అని. నాకైతే అలాంటి నమ్మకాలేం లేవు ఆంటీ. కానీ ఎందుకొచ్చిన రిస్క్?"

నమ్మకం లేదట, రిస్క్ మాత్రం ఉందట. నేను ఫోన్‌ని చెవికి దూరంగా పట్టుకుని ఒకసారి ఊపిరి పీల్చుకున్నాను. పోనీ ఆ ఒక్క లైన్ తీసేయమంది. ఆ లైన్ తీసేస్తే ఆవిడ ఎందుకు ఏడ్చిందో, ఎందుకు రాసిందో, ఎందుకు బడి పెట్టిందో తెలియదమ్మా, ఉత్తినే బండిలో ఊరంతా తిరిగినట్టుంటుంది అన్నాను. అయితే వేరే ఎవరినైనా ఇవ్వండి, ఎవరైనా పాజిటివ్ లేడీ, ఆస్ట్రోనాట్ అయితే ఇంకా బెటర్ అంది. ఆస్ట్రోనాట్లు అప్పటికే జిమ్‌లో ఒక వరస నిండా ఉన్నారు.

ఈవిడ సంగతి ఇలా ఉంటే, అవతల నా తోటి ఉద్యోగిని ఇంకోరకం. ఆ క్లాసు టీచర్, తెల్లావిడ. మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం, రూల్సంటే అంతకంటే ప్రాణం. తల్లి ఆవిడకు కూడా ఈమెయిల్ పెట్టింది. మరుసటి ఉదయం ఆవిడ నా లైబ్రరీకి వచ్చి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగింది. "ఈ తథాస్తు అనేది మీ మతంలో భాగమా, సంస్కృతిలో భాగమా? మతమైతే నేను పిల్లకు వేరే అసైన్‌మెంట్ ఇచ్చి తీరాలి. సంస్కృతి అయితే మాట్లాడుకోవచ్చు."

నేను ఏం చెప్పను? గాల్లో కనబడకుండా తిరుగుతూ, మనం ఏదంటే దానికి అలాగే అగుగాక అనేసే దేవతలు ఉంటారని మావాళ్ళ నమ్మకం అని చెప్పాను. ఆవిడ పుస్తకంలో రాసుకుంది. రాసుకుని, "స్కూల్ అవర్స్‌లో కూడా ఉంటారా?" అని అడిగింది. వేళాకోళానికి కాదు. ప్రోగ్రాం మధ్యాహ్నం పెట్టారు కాబట్టి నిజంగానే కనుక్కుంటోంది. నాకు నవ్వాలో గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు. సోమవారంలోగా తేలకపోతే పిల్లకు ఇంకొకరిని ఇచ్చేస్తాను అని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం పిల్ల లైబ్రరీకి వచ్చింది. పుస్తకం తెరవలేదు. "దే ఆర్ మేకింగ్ మీ యాన్ ఆస్ట్రోనాట్," అంది. "ఐ విల్ బీ సిక్ దట్ డే." పిల్ల అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. చేస్తే వాళ్ళ నానమ్మకి ఆ మాటలు వినబడేది ఎప్పుడు? నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇంత చదువుకున్నవాళ్ళూ, ఇంత మంచివాళ్ళూ కలిసి ఒక పిల్ల నోరు నొక్కుతున్నారు, అదీ ఎంతో మర్యాదగా. శనివారం మీ ఇంటికి టీకి వస్తున్నానని తల్లికి మెసేజ్ పెట్టాను. పిలవకుండా ఎవరింటికైనా వెళ్ళడం అమెరికా వచ్చాక అదే మొదలు.

వాళ్ళది కొత్త ఇల్లు. టీ, జంతికలు ఇచ్చారు. నానమ్మగారు వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. సన్నటి మనిషి. నేతచీర మీద కొడుకుదేమో పెద్ద స్వెటర్, కాళ్ళకి మేజోళ్ళు, నుదుటి మీద చిన్న విభూతి గీత. నేను ముందే అనుకుని వచ్చిన వాదనలన్నీ ఒకటొకటిగా విప్పాను. ఇది వేషం. నాటకాల్లో రావణాసురుడి వేషం కట్టినవాడు రాక్షసుడైపోయాడా? ఇది ఉత్త మాట. పైగా ఇంగ్లీషు మాట.

"తథాస్తు దేవతలకి ఇంగ్లీషు రాదు పిన్నిగారూ," అన్నాను. "టెక్సాస్ రావడానికి వాళ్ళకి వీసా కూడా దొరకదు."

కోడలు నవ్వింది. ఆవిడ నవ్వలేదు. జంతిక ముక్క ప్లేట్లో పెట్టి నావంక చూశారు.

"మాట ఉత్తదే అయితే నువ్వనమ్మా ఒకసారి. తెలుగులోనే అను. మీ ఆయన పోయారని అను."

ఇందులో ఏముంది అనుకున్నాను. నోరు తెరిచాను. "మా ఆయన..." అన్నాను. అక్కడ ఆగిపోయింది. మా ఆయన ఆ సమయానికి ఇంట్లో సోఫాలో పడుకుని పాత సినిమా చూస్తూ ఉంటారు. గ్యారేజీలో సామాను సర్దమని నెలరోజులుగా పోరుతున్నా కదలనందుకు పొద్దున్నే ఆయన మీద కేకలేసి వచ్చాను. అలాంటి మనిషి గురించి మూడు ముక్కల అబద్ధం, అదీ వాదనకోసం, నా నోట్లోంచి రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. మళ్ళీ అక్కడే ఆగాను. చదువు, లైబ్రరీ, ఇన్నేళ్ళ అమెరికా, ఏదీ అక్కరకు రాలేదు. నామీద నాకే ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ గెలిచినట్టు మొహం పెట్టలేదు. జాలిగా చూశారు.

"రాదులేమ్మా. అనబాకు. ఎవరికీ రాదు," అన్నారు. తర్వాత టైమెంతయిందో చెప్పినట్టు మామూలుగా, "మా ఆయన పోయారు," అన్నారు. "చూశావా, నాకేమన్నా అయిందా? ఇంక అయ్యేదానికి ఏముంది?"

కోడలు కంగారుగా లేచి, "ఆంటీ, ఇంకొంచెం టీ పెట్టనా?" అంది.

పిల్ల మెట్లమీద కూర్చుని అంతా వింటోందని మాకెవరికీ తెలియదు. పైనుంచే అరిచింది. "దెన్ యు సే ఇట్, నానమ్మా! దట్ వన్ లైన్ నువ్వు చెప్పు. రెస్ట్ అంతా నేను చెప్తా. యు కెన్ స్టాండ్ నెక్స్ట్ టు మీ!"

ఇక చూడండి. "అయ్యో, అత్తయ్యగారిని అందరి ముందూ నిలబెట్టి ఆ మాట అనిపిస్తామా? నలుగురూ ఏమనుకుంటారు?" అని కోడలు. గొడవ విని కొడుకు పై గదిలోంచి చెవులకు హెడ్‌సెట్‌తో దిగి వచ్చాడు. సంగతి విని, "అమ్మా, లీవ్ ఇట్. నీకెందుకివన్నీ. పాపకి నేను చెప్తా," అని మీటింగ్ ఉందంటూ వచ్చినదారినే పైకి వెళ్ళిపోయాడు. వాళ్ళకు వాళ్ళే తేల్చేసుకున్నారు. ఆవిడ మాత్రం మెట్లమీద ఉన్న మనవరాలి వంకే చూస్తున్నారు.

"ఇంగ్లీషులోనా చెప్పాల్సింది?" అని అడిగారు.

ఆ ఒక్క లైన్ నానమ్మగారు చెబుతారని సోమవారం పొద్దున్నే టీచర్‌కి చెప్పాను. ఆవిడ మొహంలో రంగులు మారాయి. ఒక బొమ్మకి ఒక విద్యార్థి. పెద్దవాళ్ళు ప్రదర్శనలో పాల్గొనకూడదు. మార్కులు ఎలా వెయ్యాలి? కుర్చీ వెయ్యొచ్చా, వేస్తే పక్కపిల్లల తల్లులు మాకూ కుర్చీ అంటే? నేను ఆవిడ ఇచ్చిన రూల్స్ కాగితమే తీసి చదివాను. ప్రతి విద్యార్థీ తన పాత్రకు సంబంధించిన ప్రాప్‌లు తెచ్చుకోవచ్చు, అంటే టోపీయో టెలిస్కోపో బేస్‌బాల్ బ్యాటో చేత్తో పట్టుకోవచ్చు అని ఉంది.

"ఈ పిల్ల ప్రాప్ వాళ్ళ నానమ్మ," అన్నాను.

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. నేనూ కళ్ళు దించలేదు. చివరికి, "ఓకే. బట్ షీ హాజ్ టు ఫ్రీజ్," అంది. మాట అయిపోగానే నానమ్మగారు కూడా బొమ్మలా బిగుసుకుపోవాలట. పోనీలే అని ఒప్పేసుకున్నాను.

ఆ రోజు రానే వచ్చింది. ముందుగా ఫ్రంట్ ఆఫీసులో ఐడీ కావాలన్నారు. ఈ ఊళ్ళో ఆవిడకున్న ఐడీ పాస్‌పోర్టొక్కటే. అది ఇంట్లో ఉంది. తల్లి మళ్ళీ డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి తెచ్చింది. ఆవిడ ఫొటో నల్లగా అచ్చయిన విజిటర్ స్టిక్కర్ స్వెటర్ మీద అంటించారు. ఆ తర్వాత చీర గోల. ఆ రచయిత్రి కట్టింది తెల్లచీర. చిన్నపిల్లకి తెల్లచీరేమిటని తల్లి ఆన్‌లైన్లో వెతికి, బెంగాలీ శారీ అని రాసి ఉంది కదా అని, ఎర్రటి వెడల్పు అంచున్న తెల్లచీర తెప్పించింది. చీర కట్టడానికి సాయం వచ్చిన ఒక బెంగాలీ తల్లి దాన్ని చూసి నోరు వెళ్ళబెట్టింది.

"ఇది పెళ్ళయి భర్త ఉన్నవాళ్ళు కట్టే చీర! ఆవిడ విడో కదా!"

వినగానే తల్లి మొహం వెలిగిపోయింది. "అవునా? అయితే ఇదే ఉండనివ్వండి!" అంది. ఒక బెంగాలీ ఆవిడ తలపట్టుకుంది. ఒక తెలుగావిడ సంబరపడుతోంది. మధ్యలో నేను చేతిలో పిన్నీసులు పట్టుకుని నిలబడ్డాను. మార్చడానికి ఇంకో చీర లేదు, నాకు ఓపికా లేదు. అలాగే కట్టేశాం.

జిమ్ నిండా బొమ్మలు. ఆస్ట్రోనాట్ల వరస చివర ఎర్రంచు చీరలో పిల్ల, చేతిలో పలక, పక్కన మడతకుర్చీలో నానమ్మ. మొదట బటన్ నొక్కింది ఎవరో పిల్లవాడి తండ్రి. పిల్ల పెద్ద గొంతుతో మొదలుపెట్టింది. "నాకు పదకొండేళ్ళు." ఆగి పక్కకి చూసింది. నానమ్మగారి పెదాలు కదిలాయిగానీ మాట రాలేదు. ఇంట్లో అంత సులువుగా అన్న మనిషి. పిల్ల చెయ్యి పలక మీద బిగుసుకుంది.

"మై హస్బెండ్ డైడ్," అన్నారు నానమ్మగారు. పక్కనున్న నాకే అంతంతమాత్రంగా వినబడింది. పిల్ల మిగతాదంతా గడగడా చెప్పేసింది.

అలా నాలుగైదుసార్లు జరిగింది. ఎవరూ లేని సమయం చూసి ఆవిడ నన్ను పిలిచారు.

"అమ్మాయ్, నేనన్నాక పిల్ల ఏదో బ్యాక్ బ్యాక్ అంటోంది. ఏందది?"

"పెళ్ళిళ్ళలో నన్నెవరూ వెనక్కి వెళ్ళమనలేదు, వాళ్ళు అనకముందే నేనే వెళ్ళిపోయేదాన్ని అంటోంది."

"ఆ బెంగాలీ ఆమె రాసుకుందా అట్లా?"

"లేదండీ. పుస్తకంలో లేదు. ఫంక్షన్‌లో మిమ్మల్ని చూసి రాసింది."

ఆవిడ మనవరాలి వంక చూశారు. పిల్ల బొమ్మ కదా, కదలకూడదు. కళ్ళు మాత్రం ఇటు తిరిగాయి.

ఆ తర్వాత బటన్ నొక్కినవాళ్ళకు నానమ్మగారి గొంతు ఆస్ట్రోనాట్ల చివరిదాకా వినబడింది. "మై హస్బెండ్ డైడ్!" అని ఊరుకోలేదు. "మార్నింగ్ టైమ్. కాఫీ ఆల్సో నాట్ డ్రింకింగ్," అని తనకొచ్చిన ఇంగ్లీషులో కలిపారు. మరొకరికి, "వెరీ గుడ్ మ్యాన్. వెరీ యాంగ్రీ మ్యాన్," అని చెప్పారు. "నానమ్మా, ఫ్రీజ్!" అని పిల్ల పళ్ళమధ్యనుంచి గుసగుసలాడుతోంది. ఎవరు వింటారు? టోపీ పెట్టుకున్న ఒక ముసలి అమెరికన్ తాతగారు విని, "మా ఆవిడ కూడా పోయింది," అని ఇంగ్లీషులో అన్నాడు. "వెన్?" అని అడిగారీవిడ. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. వెనక వరస పెరిగిపోయింది. టీచర్ దూరంనుంచి నన్ను చూస్తూ చేతులు తిప్పింది, ఏమిటిది అన్నట్టు. నేను బాస్కెట్‌బాల్ బుట్టకేసి చూస్తూ నిలబడ్డాను.

చివర్లో కొడుకు వచ్చాడు. భుజాన లాప్‌టాప్ బ్యాగు. వరసలో నిలబడి, తన వంతు రాగానే అందరిలాగే కూతురి చేతి మీది ఎర్ర కాగితం నొక్కాడు. పిల్ల, "నాకు పదకొండేళ్ళు," అని ఆగింది. ఆవిడ కొడుకుని చూశారు. ఈసారి ఇంగ్లీషు లేదు.

"మీ నాన్న పోయార్రా," అన్నారు.

అతను బ్యాగు ఒక భుజంమీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. పిల్ల చివరిదాకా చెప్పింది, బడి గురించి, బండి గురించి. అయిపోయినా అతను కదల్లేదు. "అమ్మా, ఇంక చాలు. అలిసిపోతావు. ఇంటికెళ్దాం," అన్నాడు.

"నువ్వు జరుగు నాయనా. వెనకాల జనం ఉన్నారు."

అతను వెళ్ళలేదు. పక్కకు జరిగి గోడకానుకుని, ప్రోగ్రాం అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

పిల్లకు మార్కులు బాగానే వచ్చాయి. కదలకుండా నిలబడటం అనే చోట మాత్రం టీచర్ తక్కువ వేసి, ప్రాప్ సహకరించలేదు అని రాసింది. అందులో ఆవిడ తప్పేం లేదు.

అందరూ వెళ్ళాక నానమ్మగారిని పార్కింగ్ లాట్ దాకా నేనే తీసుకెళ్ళాను. కొడుకూ కోడలూ వెనక కుర్చీ, పలక, పిల్ల సామాను మోసుకుని వస్తున్నారు. ఆవిడ కారు సీట్లో పక్కకి తిరిగి కూర్చున్నారు, కాళ్ళు ఇంకా బయటే ఉన్నాయి. అలిసిపోయారు, మొహం మాత్రం తేటగా ఉంది.

"ఆయన పోయింది మొదలు మా ఇంట్లో ఆ మాట ఎవ్వరూ ఎత్తరు తల్లీ," అన్నారు. "నేనెత్తబోతే మావాడు లేచి పైకెళ్తాడు. కోడలు పిల్ల మంచిదే, వెంటనే టీ పెడతానంటుంది. బాధపడతానని వాళ్ళ భయం. ఇన్నాళ్ళకి ఇవాళ, ముక్కూమొహం తెలియనివాళ్ళతో, కడుపునిండా అన్నాను."

ఏమీ తోచనప్పుడు మనవాళ్ళందరికీ వచ్చే మాటే నా నోటికీ వచ్చింది. మంచినీళ్ళు ఏమైనా తాగుతారా అని అడగబోయాను. మధ్యలోనే ఆపేసుకున్నాను.

"ఆ రోజు ఏమైంది పిన్నిగారూ?" అని అడిగాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. కొడుకు కుర్చీని ట్రంకులో పెట్టి మూత వెయ్యబోయాడు. అమ్మ మాటలు చెవినపడి, వెయ్యకుండా అక్కడే ఆగిపోయి విన్నాడు.